‘నేను యుద్ధానికి వెళ్ళలేదు’ అనే వియ్యంకుడిగారి కథ రాయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. అమ్మాయి పురిటికని ఒహాయో రాష్ట్రంలోని డేటన్ వచ్చాను. అల్లుడు అమెరికన్. వాళ్ళ నాన్నగారు దగ్గర్లోనే ఒక్కరూ ఉంటారు, భార్య పోయి చాలా ఏళ్ళయింది. నేను ఆయన్ని ‘అన్నయ్యగారూ’ అని పిలుస్తాను, ఆయనా ఆ పిలుపుకి పలుకుతారు. మధ్యాహ్నాలు వచ్చి, మనవడిని ఒళ్ళో పెట్టుకుని, తన ఎయిర్ ఫోర్స్ రిజర్వు రోజుల గురించి చెప్తుంటారు. 1971లో చేరి ఆరేళ్ళు, కొలంబస్ దగ్గర రికెన్‌బ్యాకర్ బేస్‌లో విమానాల మెకానిక్‌గా నెలకో శని, ఆదివారం పనిచేశారట. దేశం దాటింది లేదు. వాళ్ళు చూసిన విమానాలు సీ-123 అనే పాతవి, వియత్నాం నుంచి తిరిగొచ్చినవి. ఎండాకాలంలో వాటిలో పనిచేస్తుంటే మందు వాసనకి తల తిరిగేదనీ, ఎంత కడిగినా పోయేది కాదనీ చెప్పారు. మిరప చేలో మందు కొట్టొచ్చిన రోజు మావారి చొక్కా వాసన గుర్తొచ్చింది నాకు. ఇవన్నీ మనవడి కోసం రాసిపెడదామని ఉంది. ఆయనేమో ‘నేను వెటరన్‌ని కాదు, యుద్ధానికి వెళ్ళినవాళ్ళు వేరు, రాయడానికేముంది’ అంటారు. నవంబరులో షాపువాళ్ళు వెటరన్ల డిస్కౌంటు ఇస్తామన్నా తీసుకోకుండా పూర్తి డబ్బు కట్టారు. చిన్ననాటి స్నేహితుడు ఒకాయన వియత్నాంలో పోయాడట, ఆ ప్రస్తావన వస్తే లేచి వెళ్ళిపోతారు. అల్లుడు ‘అది నాన్నకి వీకెండ్ ఉద్యోగం, అంతే’ అని తేల్చేశాడు. ఆయనకి ఎన్నాళ్ళుగానో షుగరు, ఈ మధ్య చెయ్యి కూడా వణుకుతోంది. నేను అడగడం తప్పా? అడిగితే ఎలా అడగాలి?
– ఒక అమ్మమ్మ, డేటన్

సమాధానం:

రాయండి. తప్పకుండా రాయండి. కానీ రాయడం కంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటి మీ ఉత్తరంలోనే ఉంది, దాన్ని వాయిదా వెయ్యకండి.

మిరప మందు వాసన అని రాశారు చూశారా, ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆ సీ-123లు మామూలు సరుకు విమానాలే. అయితే వియత్నాంలో అడవుల మీద, పంటల మీద కలుపు మందు చల్లడానికి అమెరికా వాడినవి అవే. ఆ కార్యక్రమానికి ర్యాంచ్ హ్యాండ్ అని పేరు, 1962 నుంచి 1971 దాకా నడిచింది. చల్లిన మందుల్లో ఎక్కువ భాగం ఏజెంట్ ఆరెంజ్. దాంట్లో డయాక్సిన్ అనే విషం కలిసి ఉండేది. ఆ పని నుంచి తప్పించిన విమానాల్లో చాలావాటిని దేశానికి తెచ్చి ఎయిర్ ఫోర్స్ రిజర్వు యూనిట్లకి ఇచ్చారు. ఒహాయోలో రికెన్‌బ్యాకర్, మసాచుసెట్స్‌లో వెస్టోవర్, పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్. ఈ మూడు చోట్లా నెలనెలా డ్రిల్‌కి వచ్చినవాళ్ళు ఆ విమానాలు నడిపారు, రిపేర్లు చేశారు, వాటిలోనే కూర్చుని భోజనాలు చేశారు.

మీ అన్నయ్యగారికి ఈ సంగతి తెలిసి ఉండొచ్చు, తెలియకపోనూవచ్చు. రిజర్వు నుంచి ఆరేళ్ళకి బయటికొచ్చి, ఫ్యాక్టరీ పనిలోనో ఇంకో ఉద్యోగంలోనో పడిపోయిన మనిషికి ఇది ఎవరు చెప్తారు? సైనికుల సంఘాల్లో తిరిగేవాళ్ళకైతే చెవిన పడుతుంది. ‘నేను వెటరన్‌ని కాదు’ అనుకునే మనిషి ఆ సంఘాల గుమ్మం తొక్కడు కదా.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. వెస్టోవర్‌లో రిజర్వులో పనిచేసిన మేజర్ వెస్ కార్టర్ అనే ఆయన, తన పాత సహచరులు ఒక్కొక్కరే జబ్బు పడుతుంటే గమనించి, ఎయిర్ ఫోర్స్ పాత కాగితాలు బయటికి లాగడం మొదలుపెట్టారు. అలాంటి ఒక విమానానికి 1994లో చేసిన పరీక్షల్లో డయాక్సిన్ బాగా పేరుకుని ఉన్నట్టు తేలింది. అయినా వెటరన్స్ అఫైర్స్ శాఖ, అంటే అందరూ వీఏ అనేది, చాలాకాలం ఒప్పుకోలేదు. ఎండిపోయిన మరక ఒంట్లోకి ఎలా వెళ్తుందని వాదించింది. చివరికి 2015 జనవరిలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అనే స్వతంత్ర వైద్య నిపుణుల సంస్థ నివేదిక వచ్చింది. ఆ విమానాల్లో పనిచేసినవాళ్ళకి హాని చేసే స్థాయిలో ఆ విషం తగిలి ఉండే అవకాశం ఉందని అది చెప్పింది. అదే ఏడాది జూన్‌లో వీఏ నియమం మార్చింది. 1969 నుంచి 1986 మధ్య ఈ బేసుల్లో కలుషితమైన సీ-123లలో మళ్ళీ మళ్ళీ పనిచేసినవాళ్ళు ఏజెంట్ ఆరెంజ్ పరిహారానికి అర్హులు. పైలట్లే కాదు, మెకానిక్కులూ వైద్య సిబ్బందీ కూడా.

అంటే 1971 నుంచి ఆరేళ్ళు రికెన్‌బ్యాకర్‌లో మెకానిక్‌గా చేసిన మీ వియ్యంకుడిగారు సరిగ్గా ఆ లెక్కలోకి వచ్చేలా ఉన్నారు.

ఇప్పుడు ఆయన షుగరు సంగతి. ఏజెంట్ ఆరెంజ్ వల్లే వచ్చిందని ఎవరూ విడిగా రుజువు చెయ్యక్కర్లేకుండా వీఏ ఒప్పుకునే జబ్బుల జాబితా ఒకటి ఉంది. టైప్ 2 డయాబెటిస్ అందులో ఉంది. గుండె రక్తనాళాల జబ్బు, పార్కిన్సన్స్, ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నాయి. 2022 ఆగస్టులో వచ్చిన ప్యాక్ట్ యాక్ట్ అనే చట్టంతో బీపీని కూడా చేర్చారు. నేను డాక్టర్ని కాను, చెయ్యి వణుకుతోందంటే అది ఫలానా జబ్బేనని మీరూ నేనూ అనుకోకూడదు. వయసు వల్ల వణికే చేతులు బోలెడు. కానీ ఆ వణుకు డాక్టరుకి చూపించారా అని మాత్రం అడగండి. చూపించేటప్పుడు ఈ విమానాల సంగతి కూడా డాక్టరుకి చెప్పమనండి.

ఈ మాట ఆయనతో మీరు ముందుగా ఎత్తకండి. మొదట అల్లుడికి చెప్పండి. ఎంత చనువున్నా వియ్యపురాలి నోటివెంట ‘అన్నయ్యగారూ, మీ షుగరు ఆ విమానాల వల్ల వచ్చిందేమో’ అన్న మాట వస్తే ఆయనకి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా. కొడుకు పక్కన కూర్చుని చెప్పాల్సిన విషయం అది. పైగా ‘వీకెండ్ ఉద్యోగం’ అని కొట్టిపారేసిన ఆ అబ్బాయికి, తండ్రి ఆ వీకెండ్లలో ఏం పీల్చాడో తెలియాలి. కోప్పడి చెప్పకండి, తెలియక అన్నాడు. రిజర్వు అంటే అమెరికన్లలోనే చాలామందికి తెలియదు.

ఆ అబ్బాయికి మూడు విషయాలు చెప్పండి. ఒహాయోలో 88 కౌంటీలకీ, అంటే మన జిల్లాల్లాంటివాటికి, ఒక్కో వెటరన్స్ సర్వీస్ ఆఫీసు ఉంది. డేటన్ ఉన్న మాంట్‌గోమరీ కౌంటీకీ ఉంది. అక్కడ పనిచేసేవాళ్ళు దరఖాస్తు దగ్గరుండి రాయిస్తారు, పైసా తీసుకోరు. మొదటిసారి దరఖాస్తు పెట్టించినందుకు ఫీజు అడిగేవాళ్ళు ఎవరైనా తగిలితే, ఎంత పెద్ద కంపెనీ పేరు చెప్పినా, అక్కడినుంచి లేచి రమ్మనండి. అలా వసూలు చెయ్యడం చట్టం ఒప్పుకోదు.

రెండోది కాగితాలు. టెక్సాస్‌లోని లాక్‌ల్యాండ్‌లో బేసిక్ ట్రైనింగూ, ఆ తర్వాత పని నేర్పే టెక్ స్కూలూ అయ్యాక ఆయనకి డీడీ 214 అనే సర్వీసు ధ్రువపత్రం ఇచ్చి ఉంటారు. అది ఇంట్లో ఏ అట్టపెట్టెలోనో ఉంటుంది. దానితోపాటు యూనిట్ పేరున్న ఆర్డర్లు, రిజర్వు సేవకి ఏడాదికోసారి వచ్చే పాయింట్ల లెక్క, పాత ఫొటోలు, ఏది దొరికితే అది పక్కన పెట్టించండి. 1974కి ముందు కాగితాల మీద రికెన్‌బ్యాకర్ అని ఉండదు, లాక్‌బోర్న్ అని ఉంటుంది. అదే బేసు. మొదటి ప్రపంచయుద్ధంలో పేరు తెచ్చుకున్న కొలంబస్ పైలట్ ఎడ్డీ రికెన్‌బ్యాకర్ పేరు 1974లో పెట్టారు. ఇది తెలియక ‘ఇవి వేరే ఊరివి’ అని పక్కన పడేస్తారేమోనని చెప్తున్నాను. యూనిట్ పేరు 302వ టాక్టికల్ ఎయిర్‌లిఫ్ట్ వింగ్ అనో, 355వ లేదా 356వ స్క్వాడ్రన్ అనో ఉంటే ఇంకా మంచిది.

కాగితాలు దొరకకపోతే సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రానికి రాయాలి. అక్కడ 1973లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి లక్షలాది ఫైళ్ళు కాలిపోయాయి. ఎవరైనా ఆ సంగతి చెప్పి మిమ్మల్ని నిరాశపరుస్తారేమో. ఎయిర్ ఫోర్స్‌కి సంబంధించి అప్పుడు కాలినవి 1964కి ముందు బయటికొచ్చినవాళ్ళవి. మీ అన్నయ్యగారి ఫైలుకి ఆ టెన్షన్ లేదు.

మూడో విషయం చివర చెప్తాను.

ఇక ‘నేను వెటరన్‌ని కాదు’ అనే మాట. ఆయన ఊరికే వినయానికి అనడం లేదు, చట్టం ఆయనతో అలాగే చెప్పింది. రిజర్వులో ఉండి డ్రిల్లులూ ట్రైనింగూ మాత్రమే చేసినవాళ్ళని, ఆ ట్రైనింగులో ఏదైనా హాని జరిగితే తప్ప, వీఏ వెటరన్‌గా లెక్కించదు. 20 ఏళ్ళు రిజర్వులో పూర్తి చేసి పెన్షన్‌కి అర్హులైనవాళ్ళనైనా వెటరన్ అని గౌరవంగా పిలవాలని 2016 డిసెంబరులో చట్టం తెచ్చారు. అది కూడా పేరుకి గౌరవమే, అదనంగా ఏ సౌకర్యమూ రాదు. ఈయనవి ఆరేళ్ళు కాబట్టి అదీ వర్తించదు. కాబట్టి షాపులో డిస్కౌంటు వద్దన్న మనిషి నిజాయితీగా నడుచుకున్నాడు. ఆ పని నాకు చాలా నచ్చింది. ‘ఫరవాలేదు తీసుకోండి, ఎవరు చూస్తారు’ అని మాత్రం ఎప్పుడూ అనకండి.

అయితే ఆ సీ-123 నియమం ఇక్కడ ఒక మార్పు తెచ్చింది. ఆ విమానంలో తగిలిన విషం వల్ల జబ్బు వచ్చిందని వీఏ ఒప్పుకుంటే, ఆ ట్రైనింగ్ రోజులే సైనిక సేవగా లెక్కకి వస్తాయి. వెటరన్ అనే హోదా వస్తుంది. ఏ పనిని ఆయన ఇన్నేళ్ళూ చిన్నబుచ్చుకుంటున్నారో, ఆ పని వల్లే. ఈ ముక్క కౌంటీ ఆఫీసులో మనిషి చెప్పాలి, మీరూ నేనూ ముందే ఆశ పెట్టకూడదు. దరఖాస్తుకి జవాబు ఎలా వస్తుందో ఎవరం చెప్పలేం.

ఇప్పుడు అసలు మీరడిగింది, ఎలా అడగాలి అని.

మా ఊరి లైబ్రరీలో మాజీ సైనికుల జ్ఞాపకాలు రికార్డు చేసే పనికి నేను చాలాకాలం వాలంటీరుగా వెళ్ళాను. యుద్ధం చూసినవాళ్ళ దగ్గర ఎప్పుడు ఆగాలో తెలుసుకోవడం కష్టం. దేశంలోనే ఉండి పనిచేసినవాళ్ళ దగ్గర మొదలుపెట్టడమే కష్టం. ‘చెప్పడానికేముంది’ అంటారు. ‘మీ సర్వీసు గురించి చెప్పండి’ అని అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. చేతుల్లో ఏముండేదని అడిగితే మాత్రం గంట చెప్తారు.

కాబట్టి మెకానిక్‌ని మెకానిక్ పని అడగండి. శనివారం పొద్దున బేస్‌కి చేరడానికి డేటన్ నుంచి ఎన్నింటికి బయల్దేరేవారు, కారు ఏది, ఎవరినైనా ఎక్కించుకునేవారా? హాజరు పిలిచాక హ్యాంగర్లో మొదట చేసే పని ఏమిటి? సీ-123కి రెండు పిస్టన్ ఇంజన్లు, కె మోడల్‌కి రెక్కల కింద చిన్న జెట్ ఇంజన్లు అదనంగా ఉండేవి. ఏది ఎక్కువ విసిగించేది? జనవరి చలిలో బయట నిలిపిన విమానం మీద స్పానర్ పట్టుకుంటే చేతులకి ఏం తొడుక్కునేవారు? 1978 జనవరిలో ఒహాయోని ముంచేసిన మంచు తుఫాను అప్పటికి ఆయన బయటికొచ్చేశారు, కానీ ఆ మాట ఎత్తండి, అంతకుముందు చలికాలాల్లో డ్రిల్‌కి ఎలా వెళ్ళారో వాటంతటవే బయటికొస్తాయి. సోమవారం పొద్దున ఫ్యాక్టరీకో ఆఫీసుకో వెళ్తే అక్కడివాళ్ళు ఏమనేవారు? ఏడాదికోసారి వచ్చే రెండు వారాల ట్రైనింగుకి సెలవు ఎలా ఇచ్చేవారు, ముఖం మాడ్చుకునేవారా?

జుట్టు గురించి కూడా అడగండి. 70లలో కుర్రాళ్ళందరూ జుట్టు పెంచుకునేవారు. వారమంతా బయట తిరగడానికి పొడుగు జుట్టు కావాలి, డ్రిల్‌కి పొట్టి జుట్టు ఉండాలి. ఆ రోజుల్లో సొంత జుట్టు లోపలికి దోపి, పైన పొట్టి జుట్టు విగ్గు పెట్టుకుని వెళ్ళిన రిజర్వు కుర్రాళ్ళున్నారు. ఈ ప్రశ్నకి నవ్వని పెద్దాయన్ని నేను చూడలేదు.

రిజర్వు మనుషుల జీవితం చిత్రంగా రెండు ముక్కలుగా ఉండేది. వారంలో ఒకరికి ఫోర్‌మన్, శనివారం ఒకరికి సార్జెంట్. పక్కింటివాళ్ళకి ఆ రెండో ముక్క తెలిసేది కాదు, పిల్లలకి ‘ఈ ఆదివారం నాన్న లేడు’ అన్నంతవరకే తెలిసేది. అల్లుడికి ఆ మాత్రం కూడా తెలియదు, తను పుట్టేటప్పటికే అవన్నీ అయిపోయాయి. అందుకే మీరు అడుగుతున్నవి ఇంట్లో ఎవరూ అడగనివి.

రాయడం మీరు తెలుగులోనే రాసుకోండి, మీ చేతికి ఏది వస్తే అది. కానీ ఆయన మాట్లాడుతున్నప్పుడు, ఆయన ఒప్పుకుంటే, ఫోన్లో రికార్డు కూడా చెయ్యండి. మనవడికి తాతగారి గొంతు ఉండాలి. ఆయనకి ఇష్టమైతే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టు ఉంది, 2000లో మొదలైంది. కనీసం అరగంట నిడివి ఉన్న ఇంటర్వ్యూలు భద్రపరుస్తారు. యుద్ధరంగంలో ఉన్నారా, వెనకనుండి పని చేశారా అన్న తేడా చూడరు. ఆరేళ్ళ రిజర్వు సేవని తీసుకుంటారా అని ఒక ఈమెయిల్ పెట్టి అడిగితే సరిపోతుంది. ఆయన వద్దంటే వదిలెయ్యండి, మనవడి కోసం రాసింది ఇంట్లో ఉంటుంది.

మీరు ఉన్నది డేటన్‌లో కాబట్టి మరో మాట. రైట్ ప్యాటర్సన్ బేస్ పక్కనున్న ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో సీ-123 ఒకటి ఉంది. దానికి ‘ప్యాచెస్’ అని ముద్దుపేరు. వియత్నాంలో మందు చల్లుతూ దాదాపు 600 తూటా దెబ్బలు తిని, అతుకులు వేయించుకుని తిరిగొచ్చిన విమానం. 1980లో మ్యూజియంకి చేరింది. నేను పైన చెప్పిన 1994 పరీక్షలు దీనికి చేసినవే. ఆ తర్వాత శుభ్రం చేసి జనానికి చూపిస్తున్నారు. ప్రవేశం ఉచితం. ఆయన దాన్ని ఇదివరకే చూసి ఉండొచ్చు. అయినా కొడుకుతో కలిసి వెళ్ళి, ‘ఇదిగో, ఇక్కడ పడుకుని ఈ ప్యానెల్ విప్పేవాణ్ణి’ అని చూపిస్తే ఆ అబ్బాయి ఇక ‘వీకెండ్ ఉద్యోగం’ అనడు. కానీ అల్లుడికి ముందు అన్నీ తెలిశాకే, ఆయన్ని అడిగాకే. సర్‌ప్రైజ్‌లా తీసుకెళ్ళొద్దు.

స్నేహితుడి విషయం. దీన్ని మీరు బాగా గమనించారు, లేచి వెళ్ళిపోతారని రాశారు. 1969 డిసెంబరు 1న మొదలుపెట్టి ఏటా పుట్టినరోజుల లాటరీ తీసి కుర్రాళ్ళని సైన్యానికి పిలిచేవారు. రిజర్వులో ఆరేళ్ళకి సంతకం పెడితే వియత్నాం తప్పే అవకాశం ఎక్కువని అందరికీ తెలుసు. ఆ సీటు కోసం వెయిటింగ్ లిస్టులుండేవి. సీటు దొరికినవాడు బతికాడు, దొరకని స్నేహితుడు పోయాడు అన్న లెక్క ఆ తరం మగవాళ్ళలో చాలామంది మనసులో ఉంది. మీ అన్నయ్యగారు ఎందుకు చేరారో మనకి తెలియదు, అడగకండి కూడా. ‘మీ తప్పేముంది’ అని ఓదార్చకండి, ఆ మాట ఆయన యాభై ఏళ్ళుగా తనకు తాను చెప్పుకునే ఉంటారు. అడగదలుచుకుంటే ఆ స్నేహితుడి గురించే అడగండి. పేరేమిటి, బళ్ళో ఎలా ఉండేవాడు, ఇద్దరూ కలిసి ఏం అల్లరి చేశారు. వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారకం గోడ మీద 58,000కి పైగా పేర్లు చెక్కారు. ఏ పేరు ఏ ఫలకం మీద, ఎన్నో వరసలో ఉందో ఫోన్లో వెతికితే దొరుకుతుంది. ఆయన పేరు చెప్పిన రోజు మీరు వెతికి చూపించొచ్చు. చెప్పకపోతే మనవడి ముచ్చట్లలోకి మళ్ళించండి. మీ పుస్తకంలో ఆ పేజీ ఖాళీగా ఉన్నా నష్టం లేదు.

అల్లుడికి చెప్పాల్సిన మూడో విషయం ఇది. వీఏలో ‘ఇంటెంట్ టు ఫైల్’ అని చిన్న ఫారం ఉంటుంది. పూర్తి దరఖాస్తు సిద్ధం కాకపోయినా, పెట్టబోతున్నామని ముందే నమోదు చేసుకోవడం. అది వేశాక ఏడాదిలోగా మిగతా కాగితాలు ఇస్తే, పరిహారం వచ్చిన పక్షంలో ఆ ఫారం వేసిన తేదీ నుంచి లెక్కగడతారు. అట్టపెట్టెలు వెతకడానికి నెలలు పట్టొచ్చు, డాక్టరు అపాయింట్‌మెంటుకి ఇంకొన్ని వారాలు. ఈ ఫారం మాత్రం ఈ వారమే వేయించండి. మీ తిరుగు ప్రయాణం ఎప్పుడో రాయలేదు. అది ఒక్కటి పడిందంటే, మీరు గుంటూరు వెళ్ళిపోయినా మిగతాది తండ్రీకొడుకులు చూసుకోగలరు.